ఫార్ములా వన్ (ఎఫ్1) రేసుల్లో ఫెరారీకి టైటిల్ ఎందుకు రావట్లేదు: బాస్‌లు మారడం వల్లా, టెస్టింగ్ రూల్స్ వల్లా?

చిత్తూరులో మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, 2000 నుంచి 2004 దాకా ఫెరారీని ఆపేవాళ్లే లేరు. 2008 తర్వాత ఒక్క టైటిల్ కూడా రాలేదు. టీమ్ ప్రిన్సిపల్స్‌ని మాటిమాటికీ మార్చడం వల్లే అని కొందరంటారు, టెస్టింగ్ బ్యాన్ దెబ్బ అని కొందరంటారు. ఏది నిజం? మా ఫార్ములా స్టూడెంట్ (కాలేజీ పిల్లలే రేసు కారు చేసి పోటీపడేది) టీమ్‌లో కూడా ఏటా కెప్టెన్ మారిపోతాడు. కారు ట్రాక్ ఎక్కేది పోటీకి వారం ముందే. మేమేం చేయాలి?"

సూటిగా చెప్తాను. రెండూ నిజమే, కాకపోతే వాటిని విడివిడిగా చూస్తే లెక్క తప్పుతుంది. టెస్టింగ్ అంటే రేసు లేనప్పుడు కారును ట్రాక్ మీద తిప్పి చూసుకోవడం. టీమ్ ఎంత త్వరగా నేర్చుకోగలదన్నది ఆ రూల్స్‌ని బట్టి ఉంటుంది. నేర్చుకున్నది టీమ్‌లో నిలుస్తుందా, గాలికి పోతుందా అన్నది పైనున్నవాళ్లు ఎంతకాలం ఉంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. టెస్టింగ్ తగ్గే కొద్దీ బాస్‌ని మార్చినప్పుడు జరిగే నష్టం పెరుగుతుంది. టెస్టింగ్ బాగా తగ్గిపోయిన కాలంలోనే ఫెరారీ బాస్‌లను ఎక్కువగా మార్చింది. నా దృష్టిలో అసలు దెబ్బ అక్కడ తగిలింది.

నా గురించి రెండు ముక్కలు. తిరుపతి ఆటోనగర్‌లో నాకు షెడ్డుంది. అంతకుముందు చాలా ఏళ్లు శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఎల్‌జీబీ ఫార్ములా అనే మన దేశపు రేసు కార్లకు మెకానిక్‌గా, తర్వాత సెటప్ చూసేవాడిగా పనిచేశాను. ఇప్పటికీ సీజన్ మొదలైతే పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా పోయి వస్తుంటాను. ఎఫ్1ని నేనూ నీలాగే బయటినుంచి చూసేవాణ్ణే. కానీ ఒక టీమ్ తన కారును ఎలా అర్థం చేసుకుంటుంది, అర్థమైంది ఎలా చేజారుతుంది అన్నది ఏ స్థాయిలోనైనా ఒకే రకంగా జరుగుతుంది.

ముందు ఫెరారీ మంచి రోజుల సంగతి. జాన్ టాడ్ ఫెరారీకి టీమ్ బాస్‌గా వచ్చింది 1993 మధ్యలో. డ్రైవర్ షుమాకర్ 1996లో చేరాడు. టెక్నికల్ డైరెక్టర్ రాస్ బ్రాన్, డిజైనర్ రోరీ బర్న్ 1997 నాటికి వచ్చారు. వీళ్ల హయాంలో మొదటి కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ (టీముకిచ్చేది) 1999లో, డ్రైవర్స్ టైటిల్ 2000లో వచ్చాయి. అంటే టాడ్ వచ్చిన ఆరేళ్లకు గానీ ఒక్క టైటిల్ కూడా చేతికి రాలేదు. మధ్యలో 1997లో, 1998లో చివరి రేసు దాకా వచ్చి ఓడిపోయారు, 1999లో సిల్వర్‌స్టోన్‌లో షుమాకర్ కాలు విరిగింది. ఇటలీ పత్రికలు ఏటా టాడ్‌ని పంపించేయమని గోల చేశాయి. అయినా అధ్యక్షుడు మాంటెజెమోలో ఆయన్ని కదిలించలేదు. ఆ తర్వాత 1999 నుంచి 2004 దాకా వరుసగా ఆరు కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు. 2004లో అయితే 18 రేసుల్లో 15 వాళ్లవే.

ఆ ఆరేళ్ల ఓపిక గురించి అందరూ రాస్తారు. దాని పక్కనే ఇంకొకటుంది. ఇటలీలోని మారనెల్లో ఊళ్లో ఫెరారీ ఫ్యాక్టరీని ఆనుకుని ఫియోరానో అనే సొంత ట్రాక్ ఉంది, దాదాపు 3 కిలోమీటర్లది, 1972 నుంచీ ఉంది. ముజెల్లో ట్రాక్ కూడా వాళ్లదే. టెస్టింగ్‌కి గట్టి పరిమితులు లేని కాలం అది. పొద్దున చేసిన పార్టును సాయంత్రం కారుకు బిగించి తిప్పి చూసుకోవచ్చు. ఒకవైపు లూకా బడోయర్ లాంటి టెస్ట్ డ్రైవర్ వారాలకు వారాలు అదే పని మీద ఉండేవాడు, మరోవైపు బ్రిడ్జ్‌స్టోన్ వాళ్లు టైర్లను దాదాపు ఫెరారీ కోసమే తయారుచేసేవాళ్లు. ఇలాంటి ఏర్పాటులో తప్పు చేసినా పెద్దగా నష్టం లేదు, వారంలో తెలిసిపోతుంది, సరిదిద్దేస్తారు.

"అయితే టెస్టింగ్ వల్లే గెలిచారన్నమాట" అంటావేమో. 2005 చూడు. ఖర్చు తగ్గించడానికి సీజన్‌లో టెస్టింగ్‌ని 30 రోజులకు పరిమితం చేసుకుందామని మిగతా తొమ్మిది టీములు ఒప్పుకున్నాయి. ఫెరారీ ఒప్పుకోలేదు, తన ఇష్టప్రకారం తిప్పుకుంది. అదే మనుషులు, అదే ట్రాక్, అందరికంటే ఎక్కువ టెస్టింగ్. అయినా ఆ ఏడాది గెలిచింది ఒకే ఒక్క రేసు, అది కూడా మిషెలిన్ టైర్లు వాడే టీములన్నీ తప్పుకోగా ఆరు కార్లే పరుగెత్తిన ఇండియానాపొలిస్‌లో. క్వాలిఫయింగ్‌కీ (రేసు మొదలయ్యే వరసను తేల్చే పరుగు) రేసుకీ కలిపి ఒకే సెట్ టైర్లు వాడాలని ఆ ఏడాది రూల్ పెట్టారు, ఆ రూల్‌కి బ్రిడ్జ్‌స్టోన్ సరిగా అందుకోలేకపోయింది. మిషెలిన్‌కి అరడజనుకు పైగా టీముల నుంచి సమాచారం వస్తుంటే, బ్రిడ్జ్‌స్టోన్‌కి ముందు వరసలో ఉన్నది ఫెరారీ ఒక్కటే. కాబట్టి ఎన్ని ల్యాపులు తిప్పామన్నది ఒక్కటే గెలిపించదు.

తర్వాత గేటు మెల్లగా మూసుకుంది. ముందు టీముకు ఏడాదికి 30,000 కిలోమీటర్లన్నారు. 2009లో దాన్ని 15,000కి దించి, సీజన్ మధ్యలో టెస్టింగే వద్దన్నారు. ఆ ఏడాది హంగరీలో ఫెరారీ డ్రైవర్ మాసాకి తలకు దెబ్బ తగిలితే, బదులుగా బడోయర్‌ని దించారు. రేసు ఆడి పదేళ్లయిన మనిషి, కొత్త కారును అలవాటు చేసుకోవడానికి టెస్టింగ్ లేదు. వాలెన్సియాలో, స్పాలో రెండు చోట్లా ఆఖరున వచ్చాడు. జనం నవ్వారు గానీ నాకు ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే ఫెరారీ గెలుపుల వెనక ఆయన తిప్పిన ల్యాపులు ఎన్నో ఉన్నాయి.

అప్పటినుంచి ఇంకా బిగిసింది. 2023 నుంచి 2025 దాకా సీజన్ ముందు బహ్రెయిన్‌లో మూడంటే మూడు రోజుల టెస్టింగ్. అది కూడా టీముకు ఒక కారే, ఇద్దరు డ్రైవర్లు పంచుకోవాలి. అంటే ఒక్కొక్కరికి ఒకటిన్నర రోజు. పాత కార్లతో తిప్పుకుందామన్నా, 2025 నుంచి రేసు డ్రైవర్లకు ఏడాదికి 1,000 కిలోమీటర్లు దాటకూడదన్నారు.

ట్రాక్ లేకపోతే ఫ్యాక్టరీలోనే చేసుకోవచ్చు కదా అంటే, దానికీ లెక్కుంది. విండ్ టన్నెల్‌లో (కారు నమూనా మీదికి గాలి ఊది కొలిచే సొరంగం) పెట్టే మోడల్ అసలు కారులో 60 శాతం సైజు దాటకూడదు, గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు దాటకూడదు. ఎన్నిసార్లు నడపొచ్చన్నది టీమ్ ర్యాంకును బట్టి. 2022 నుంచి ఛాంపియన్ టీముకు నిర్ణయించిన కోటాలో 70 శాతం, రెండో స్థానానికి 75, అలా అయిదేసి పెరుగుతూ పదో స్థానానికి 115 శాతం. ఏడాదికి రెండుసార్లు లెక్క మారుస్తారు. గెలిచినవాడికి తక్కువ, ఓడినవాడికి ఎక్కువ.

ఇప్పుడు నువ్వు బాగా పట్టుకోవాల్సిన మాట: కోరిలేషన్. కంప్యూటర్ చెప్పింది, టన్నెల్ చెప్పింది, ట్రాక్ చెప్పింది, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. సీజన్ ముందు టెస్టింగ్ వీడియోల్లో కారు వెనక పెద్ద ఇనుప జాలీ లాంటిది కట్టి నెమ్మదిగా నడుపుతుంటారు, చూసే ఉంటావు. గాలి ఒత్తిడి కొలిచే సన్నటి గొట్టాలు వందలకొద్దీ ఉంటాయి అందులో. రెక్కల మీద పచ్చగా మెరిసే రంగు పూసి ఒక ల్యాప్ తిప్పి, గ్యారేజీకి రాగానే ఫోటోలు తీస్తారు. ఆ రంగు గాలి పారిన దారినే చారలుగా ఆరిపోతుంది. ఆ చారలు టన్నెల్‌లో చూసినట్టే ఉన్నాయా, లేదా? ఉంటే ఫ్యాక్టరీ మాట నమ్మి తర్వాతి పార్టు చేయొచ్చు. లేకపోతే అప్పటిదాకా చేసిన లెక్కలన్నీ అనుమానమే.

టెస్టింగ్ ఎంతైనా చేసుకోవచ్చన్న రోజుల్లో ఈ తేడా వచ్చినా ట్రాక్ మీదే తేల్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆ వీల్లేదు. ఫ్యాక్టరీలో టన్నెల్‌ని, సిమ్యులేటర్‌ని, మనుషుల్ని కలిపి నమ్మదగ్గ స్థితికి తేవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. టీమ్ బాస్ అనేవాడు ఈరోజు తీసుకున్న నిర్ణయం కారులో కనబడేది ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత. కొత్తగా వచ్చినవాడి మొదటి కారు పాతవాడు మొదలుపెట్టిందే. ఒక పెద్ద ఇంజినీర్‌ని వేరే టీమ్ నుంచి తెచ్చుకోవాలంటే, అతను పని మానేసి ఏడాది దాకా ఖాళీగా కూర్చోవాలన్న షరతు అగ్రిమెంట్‌లోనే ఉంటుంది.

ఈ లెక్కతో ఫెరారీ జాబితా చదువు. టాడ్ తర్వాత 2008లో డొమెనికాలి. 2014 ఏప్రిల్‌లో ఆయన పోయి మతియాచి వచ్చాడు, అదే ఏడాది నవంబర్‌లో మతియాచి పోయి అరివాబెనె వచ్చాడు. 2019 మొదట్లో బినోటో, 2023 మొదట్లో వాసర్. అరివాబెనె, బినోటో ఇద్దరికీ దక్కింది తలా నాలుగేళ్లు. టాడ్‌కి నాలుగేళ్లు నిండేసరికి చేతిలో ఒక్క టైటిల్ లేదన్నది గుర్తుపెట్టుకో. ఇదే కాలంలో మెర్సిడెస్‌లో 2013లో చేరిన టోటో వోల్ఫే బాస్‌గా ఉండి, 2014 నుంచి 2021 దాకా వరుసగా ఎనిమిది కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు. రెడ్‌బుల్‌లో 2005 నుంచి 2025 జులై దాకా హార్నర్ ఒక్కడే, 2006 నుంచి 2024 దాకా ఏడ్రియన్ న్యూయీ డిజైన్ చూశాడు.

రెడ్‌బుల్‌ది ఇంకో ఉదాహరణ చెప్పాలి. 2021లో ఖర్చు పరిమితి దాటారని 2022లో వాళ్లకు 70 లక్షల డాలర్ల జరిమానా, దాంతో పాటు విండ్ టన్నెల్, కంప్యూటర్ టెస్టింగ్‌లో 10 శాతం కోత వేశారు. ఛాంపియన్‌గా ముందే అందరికంటే తక్కువ, అందులో మళ్లీ కోత. అయినా 2023లో 22 రేసుల్లో 21 గెలిచారు. ఏళ్లుగా ఒకే చోట పనిచేసిన ఏరో (కారు మీద గాలి ప్రవాహం చూసే) టీముకు ఏ ఆలోచనను టన్నెల్ దాకా తీసుకెళ్లాలో, దేన్ని బల్ల మీదే పక్కన పెట్టాలో తెలుసు. మిగతావాళ్లు పది నడిపి తెలుసుకునేది వాళ్లకు మూడింటితోనే తెలిసిపోయి ఉంటుందని నా నమ్మకం.

ఆల్పీన్ దీనికి పూర్తి వ్యతిరేకం. 2022లో నాలుగో స్థానం. 2023 సీజన్ మధ్యలో టీమ్ ప్రిన్సిపల్‌ని, స్పోర్టింగ్ డైరెక్టర్‌ని ఒకే వారాంతంలో పంపించేశారు. ఆ తర్వాత ఆ కుర్చీలో మనుషులు వచ్చారు, పోయారు. 2025లో ఆఖరి స్థానం. అంతకుముందు రెండేళ్లు టన్నెల్ సమయం పై టీముల కంటే ఎక్కువే దొరికింది. దాన్ని వాడుకునే మనుషులు కుదురుగా లేకపోతే రూల్ ఇచ్చిన వరం కూడా పనికిరాదు.

ఇంతటితో ఆపితే నీకు సగమే చెప్పినట్టు. కుర్చీలో ఒకే మనిషి కూర్చుని ఉండటమే స్థిరత్వం అనుకోవద్దు. నాకు తెలిసిన ఉదాహరణల్లో నాలుగు దీనికి ఎదురు నిలబడతాయి.

మెక్‌లారెన్‌లో 2022 డిసెంబర్‌లో బాస్ మారాడు. కానీ వచ్చిన ఆండ్రియా స్టెల్లా బయటివాడు కాదు, 2015 నుంచీ అక్కడే ఉన్నవాడు. 2023 బహ్రెయిన్‌లో ఆ కారు ఎంత ఘోరంగా ఉందో గుర్తుందా? మార్చిలో టెక్నికల్ డైరెక్టర్‌ని మార్చి, ఆ పనిని ముగ్గురికి పంచారు. జులైలో ఆస్ట్రియాకి కొత్త పార్టులు తెచ్చారు, తర్వాతి రేసు సిల్వర్‌స్టోన్‌లో వాళ్ల డ్రైవర్ నోరిస్ రెండో స్థానంలో వచ్చాడు. అప్పటిదాకా జర్మనీలోని కొలోన్‌లో టొయోటా వాళ్ల టన్నెల్‌ని అద్దెకు వాడుకునేవాళ్లు, అదే ఏడాది ఇంగ్లండ్‌లో తమ ఫ్యాక్టరీ ఉన్న వోకింగ్‌లో సొంత టన్నెల్ మొదలైంది. 2024లో కన్‌స్ట్రక్టర్స్ టైటిల్, 1998 తర్వాత అదే మొదటిది. 2025లో 70 శాతం టన్నెల్ సమయంతోనే మళ్లీ గెలిచారు, నోరిస్ ఛాంపియన్ అయ్యాడు. బాస్ మారాడు గానీ టీముకు తెలిసినదంతా ఇంట్లోనే ఉండిపోయింది.

హాస్ కూడా అంతే. మొదటి నుంచీ ఉన్న స్టైనర్‌ని 2024 మొదట్లో మార్చి, లోపలి ఇంజినీర్ కొమట్సుకి అప్పగించారు. 2023లో పదో స్థానం, 2024లో ఏడు. పాతవాడే ఉండి ఉంటే అది జరిగేదని నేననుకోను.

మెర్సిడెస్ 2022 ఇంకో రకం. బాస్ అదే, మనుషులు దాదాపు వాళ్లే, ఎనిమిది టైటిళ్ల అనుభవం. కొత్త రూల్స్‌కి చేసిన కారు తిన్నటి దారి మీద ఎగిరెగిరి పడింది, ఆ సంగతి ట్రాక్ ఎక్కేదాకా ఫ్యాక్టరీలో బయటపడలేదు. ఆ సన్నటి సైడ్‌పాడ్‌ల (కారు పక్క భాగాలు) ఆలోచనను 2023లోనూ వదల్లేదు, మొనాకో దగ్గర గానీ మార్చలేదు. ఎక్కువకాలం కలిసి గెలిచినవాళ్లకు తమ లెక్కల మీద నమ్మకం అతిగా పెరిగే ప్రమాదం ఉంది. టెస్టింగ్ తక్కువున్న రోజుల్లో ఆ మొండితనం రెండేళ్లు మింగేస్తుంది.

ఇక 2025 రెడ్‌బుల్. జులైలో సీజన్ మధ్యలోనే హార్నర్‌ని తీసేసి మెకీస్‌ని పెట్టారు. అందరూ పని అయిపోయిందన్నారు. చివరి తొమ్మిది రేసుల్లో వాళ్ల డ్రైవర్ వెర్‌స్టాపెన్ ఆరు గెలిచి, టైటిల్‌ని రెండంటే రెండు పాయింట్లతో పోగొట్టుకున్నాడు. బాస్ పోయినా పియెర్ వాషే కింద టెక్నికల్ టీమ్ కదల్లేదు, మెకీస్ కూడా చదువుకు ఇంజినీరే.

కాబట్టి ఫెరారీ గురించి నా తీర్పు: తప్పు బాస్‌ని మార్చడంలో కంటే, మార్చిన ప్రతిసారీ కింద కూడా కదిలించడంలో ఉంది. 2024లో మెక్‌లారెన్‌కి 14 పాయింట్ల దూరంలో ఆగిపోయిన టీమ్ 2025లో ఒక్క గ్రాండ్ ప్రి గెలవకుండా నాలుగో స్థానానికి పడిపోయింది. అయినా ఆ జులైలోనే వాసర్ కాంట్రాక్ట్ పొడిగించారు. ఎన్నాళ్లకో ఫెరారీ చేసిన మంచి పని అది. ఇటలీ పత్రికలు మళ్లీ గోల చేస్తాయి. ఈసారైనా ఆగాలని నా కోరిక.

ఇప్పుడు నీ సంగతి, నీకు అసలు కావాల్సింది ఇదే.

మన జాతీయ రేసుల్లో టెస్టింగ్‌కి అడ్డం వచ్చేది రూల్ కాదు, డబ్బు. ట్రాక్ అద్దె, టైర్లు, పెట్రోల్, మనుషుల తిండి, లాడ్జి. చిన్న టీమ్ రేసు వారానికి ముందు అరపూట తిప్పుకోగలిగితే గొప్ప. నేను చూసిన ఒక టీములో సెటప్ అంతా ఒక్క సీనియర్ మెకానిక్ బుర్రలోనే ఉండేది. ఆయనకు వేరే ఊళ్లో మంచి జీతం దొరికి వెళ్లిపోయాడు. తర్వాతి సీజన్ మొదటి మూడు రౌండ్లు ఆ కారు ముందు టైరు లోపలి అంచు ఎందుకు అరిగిపోతోందో ఎవరికీ తెలియలేదు. టైరు రబ్బరు పైపొరలో వేడి కొలిచే సూది గుచ్చి లోపల, మధ్యలో, బయట మూడు చోట్ల వేడి కొలిస్తే అయిదు నిమిషాల పని. మధ్యలో వేడి ఎక్కువుంటే గాలి ఎక్కువైనట్టు, లోపలి అంచు మరీ వేడిగా ఉంటే క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగిన కోణం) ఎక్కువైనట్టు. ఆయనున్న రోజుల్లో ఆ కొలతలు తీసేవారు, కానీ ఎవరూ రాసిపెట్టలేదు.

మొదటిది, రాసిపెట్టు. కారుకొక పుస్తకం పెట్టు, ఫోన్‌లో కాదు, బైండ్ చేసిన పుస్తకం. ప్రతి రన్‌కి తేదీ, టైమ్, ఎండ, టైర్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక, ఏం మార్చారు, ఎందుకు మార్చారు, డ్రైవర్ ఏమన్నాడు. "ఎందుకు" అన్న గడి ఖాళీగా వదలొద్దు. డిజైన్ ఈవెంట్‌లో జడ్జీలు అడిగేది అదే. పాస్ అయిపోయిన సీనియర్ పెట్టిన కొలతకు కారణం చెప్పలేక నిలబడిపోయిన పిల్లల్ని చూశాను, వాళ్ల ముఖాలు చూడలేం.

రెండోది, కెప్టెన్ మారనీ, వారసుడు ముందే లోపల ఉండాలి. మీకు నాలుగేళ్ల చదువు, మార్పు తప్పదు. రెండో సంవత్సరంలోనే ఒకడిని కెప్టెన్ పక్కన పెట్టండి. బ్రేకులు, సస్పెన్షన్, ఇంజిన్ దేనికైనా కనీసం ఇద్దరుండాలి, ఇద్దరూ ఒకే బ్యాచ్ కాకూడదు. కొత్త కెప్టెన్ ఎన్నికయ్యాక మొదటి నెల ఛాసిస్ మార్చనంటే మంచిది. వచ్చిన ప్రతివాడూ తన పేరు నిలబడాలని కొత్త ఫ్రేమ్ గీయడం మన కాలేజీల్లో పెద్ద జబ్బు. పాత ఫ్రేమ్‌ని రెండో ఏడాది కూడా ఉంచి, దాని మీదే పది కిలోలు తగ్గించిన టీమ్ కొత్తది గీసిన టీమ్ కంటే ముందుంటుంది. పోటీ రూల్ బుక్ పాత ఫ్రేమ్‌ని ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకో, కొన్ని పోటీల్లో దీనికి పరిమితి ఉంటుంది.

మూడోది, దొరికిన టెస్టింగ్‌ని వృథా చేయొద్దు. ట్రాక్ లేదని ఏడవొద్దు, కాలేజీ పార్కింగ్ స్థలం, పర్మిషన్‌తో ఆదివారం, నాలుగు కోన్‌లు చాలు. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, కిల్ స్విచ్ దగ్గర ఒక మనిషి తప్పనిసరి. ఒకసారికి ఒకటే మార్చు. ముందు పాత సెట్టింగ్‌తో తిప్పు, తర్వాత కొత్తదానితో, మళ్లీ పాతదానితో. మూడోసారి టైమ్ మొదటిదానికి దగ్గరగా రాకపోతే, మధ్యలో వచ్చిన తేడా నీ పార్టు వల్లే అని చెప్పలేవు, ఎండ వల్లో డ్రైవర్ అలవాటు పడటం వల్లో వచ్చి ఉండొచ్చు. మన వైపు ఏప్రిల్‌లో పొద్దున ఏడింటి తారుకీ పదకొండింటి తారుకీ పోలికే లేదు, ఇది మర్చిపోతే రోజంతా తప్పుడు లెక్కలే.

మీ పోటీలో ఎండ్యూరెన్స్ (అన్నిటికంటే పొడవాటి పరుగు) దూరం దాదాపు 22 కిలోమీటర్లు. చాలా కాలేజీ కార్లు అక్కడే ఆగిపోతాయి, అది కూడా వేగం చాలక కాదు, గొట్టం ఊడో, వైరు తెగో, చెయిన్ పడిపోయో. అందుకే స్పీడ్ కోసం ఏదైనా మార్చే ముందు ఆ దూరానికి రెండింతలు ఆపకుండా ఒకసారి తిప్పండి, మధ్యలో డ్రైవర్ మార్పుతో సహా. ఏం ఊడిందో రాసుకోండి. పోటీకి నెల ముందు డిజైన్ ఆపేయండి, ఆ తేదీ ఫ్యాకల్టీ సంతకంతో గోడ మీద అతికించండి. అప్పుడు మీ "పోటీకి వారం ముందు ట్రాక్" అన్న సమస్య సగం తీరుతుంది.

పుస్తకం ఎవరి దగ్గరుండాలని కూడా అడుగుతావు. కెప్టెన్ దగ్గర వద్దు, పాసై వెళ్లేటప్పుడు ట్రంకు పెట్టెలో పడి వెళ్లిపోతుంది. మీ ఫ్యాకల్టీ అడ్వైజర్ బీరువాలో ఒకటి, వర్క్‌షాప్‌లో దాని జిరాక్స్ ఒకటి ఉంచండి. ఈ ఏడాది ఇప్పటిదాకా రాసింది ఎంత ఉన్నా సరే, ఆదివారం కాకుండా ఏ రోజైనా ఆటోనగర్‌కి పట్టుకురా. సస్పెన్షన్ కొలతలూ, టైర్ ఫోటోలూ ఉంటే అవి కూడా. కూర్చుని చూద్దాం.